ఎర్ర కాడ బంతి

నన్ను గొడ్రాలు అన్నవాళ్ళు హిందూపురంలో చాలామందే ఉన్నారు. నా బంతి మొక్కల్ని గొడ్డువి అన్నది మా అత్త ఒక్కతే. మొదటి మాట నిజమో అబద్ధమో అప్పటికి ఎవరికీ తెలియదు. రెండో మాట అక్షరాలా నిజం. ఆ మొక్కలకు విత్తు పట్టదు. పట్టదని తెలిసే నేను వాటిని పుట్టించాను. ఈ ముక్క ఆ ఇంట్లో నోరు తెరిచి చెప్పలేక నేను పడ్డ అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు.

మా నాయన పెనుకొండలో ప్రయాణికుల బంగళాకు తోటమాలి. పడుచు వయసులో బెంగళూరులో ఒక పెద్ద తోటలో పనిచేసి, పూలను కలిపే విద్య అక్కడ నేర్చుకుని వచ్చాడు. ఒక జాతి పువ్వు పుప్పొడి తీసి ఇంకో జాతి పువ్వుకు అద్ది, రెండింటి పోలికలూ ఉన్న మూడో మొక్కను తీయడం ఆ విద్య. బంగళాలో దిగిన ఆఫీసర్లు ఆ పూలను చూసి బాగున్నాయనేవాళ్ళు, కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఆయనకు కొడుకులు లేరు. ఉన్నా తుమ్మ ముల్లు చేతబట్టుకుని ఒకే పువ్వు మీద పూటంతా వంగి కూర్చునే ఓపిక వాళ్ళకు ఉండేది కాదనుకోండి. అందుకని ఆ విద్య నాకు వచ్చింది.

నన్నిచ్చింది హిందూపురం అంచున పూలతోట ఉన్న ఇంట్లో. బావికి అప్పుడే కరెంటు మోటారు పెట్టించారు. బంతి, చామంతి, కనకాంబరం వేసేవాళ్ళు. పొద్దున రైలుకు మా ఆయన పూల గంపలు ఎక్కించుకుని బెంగళూరు పోయి, మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చేవాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. మామ లేడు. పెత్తనమంతా అత్తది. ఆమె చెడ్డ మనిషని నేను చెప్పను. నాకు జ్వరమొస్తే తల దగ్గర కూర్చుని మిరియాల కషాయం తాగించిన మనిషి. కానీ పెళ్ళై ఏళ్ళు గడిచినా నా కడుపు పండలేదు. ఆ ఒక్క విషయంలో ఆమె మనసు రాయి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నారుమడిలో విత్తనం పిల్లల తల్లే చల్లాలి. అత్త చల్లేది, లేదా వీధిలో చంటిబిడ్డ తల్లిని ఎవరినైనా పిలిచి చల్లించేది. కలుపు తీయడానికి నా చేతులు పనికొస్తాయి. పూలు కోయడానికీ, మాల కట్టడానికీ పనికొస్తాయి. మడికి నీళ్ళు కట్టడానికి మరీ పనికొస్తాయి. విత్తనాల మూట దగ్గరికి వచ్చేసరికి అవే చేతులకు ఏదో అంటుకునేది. ఈ లెక్క ఏమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. అప్పట్లో మాత్రం పళ్ళు కొరుక్కుని ఊరుకునేదాన్ని.

పెద్ద బంతితో ఒక చిక్కు ఉంది. దసరాకు, దీపావళికి విరగబూస్తుంది, ఆ పైన ఒంట్లో సత్తువంతా విత్తనానికి పెట్టి ఎండిపోతుంది. కార్తీకంలో గుళ్ళన్నీ పూలు అడిగే వేళకు మడులు ఖాళీ. చిన్న బంతి అలా కాదు, మొండిది, చాలాకాలం పూస్తుంది. కానీ దాని పువ్వు గుండీ అంత ఉంటుంది, గంప నిండదు. కార్తీకం నడుమ ఒకరోజు ఖాళీ గంపలు కడుగుతూ మా ఆయన, పెద్ద పువ్వుకు ఆ మొండితనం ఉంటే బాగుండేది అన్నాడు. మా నాయన ఆ రెండింటినీ కలిపి చూశాడని నేను చెప్పాను. ఆ బిడ్డకు విత్తు పట్టదనీ, విత్తు బరువు లేదు గనక పూస్తూనే ఉంటుందనీ, కంచరగాడిదకు పిల్లలుండవు గానీ గాడిదకన్నా ఎక్కువ బరువు మోసినట్టే ఇదీ అని ఆయన అనేవాడని కూడా చెప్పాను. మా ఆయన కడిగిన గంప బోర్లించి, చేసి చూడు, అమ్మకు మాత్రం చెప్పొద్దు అన్నాడు.

బంతి పువ్వు ఒక్కటి అనుకుంటాం గానీ అది ఒక గుంపు. అంచున ఉండే రేకులు ఒక్కోటీ ఒక్కో ఆడ పువ్వు. నడుమ బొడ్డులో ఉండే గొట్టాల్లాంటివాటిలో మగా ఆడా రెండూ ఉంటాయి. బొడ్డు విచ్చుకోకముందే ముల్లుతో ఆ గొట్టాలన్నిటినీ ఒక్కటి మిగలకుండా పీకేయాలి. ఒక్కటి మిగిలినా తల్లి తన పొడిని తానే తీసుకుంటుంది, మన కష్టం బూడిదలో పోసినట్టే. పీకిన పువ్వుకు పలచటి మల్లు గుడ్డ సంచి తొడిగి, రేకుల మొదట్లో పాము నాలుకలా చీలిన కొసలు పైకి వచ్చాక, తండ్రి పువ్వును తెచ్చి వాటి మీద మెత్తగా రుద్దాలి. మళ్ళీ సంచి కట్టాలి. ఇదంతా నేను మాఘంలో, తోట వెనక గట్టున రాలిన గింజలకు వాటంతటవే లేచి పూసిన మొక్కల మీద, అత్త గుడికి పోయిన వేళల్లో చేశాను. సంచులు ఎందుకని ఒకసారి అడిగితే పురుగు కోసమన్నాను.

తల్లిగా పెద్ద బంతిని తీసుకున్నాను. దాని కాడ ఆకుపచ్చగా ఉంటుంది. తండ్రిగా కెంపు రంగు చిన్న బంతిని తీసుకున్నాను. దాని కాడ ఎర్రన. ఈ ఎంపికలోనే ఉంది కిటుకంతా. మొలిచిన నారులో పచ్చ కాడ ఉన్నది తల్లి తనంతట తాను కన్నది. ఎర్ర కాడ ఉన్నదే నిజంగా కలిసినది. పువ్వు పూసేదాకా కాచుకోనక్కర లేదు, రెండాకుల నాడే తెలిసిపోతుంది. అటుదిటు చేసి పచ్చ కాడదాన్ని తండ్రిని చేస్తే మొలకల్లో తేడా పట్టడం బ్రహ్మతరం కాదని నాయన అనేవాడు.

ఆషాఢంలో పెద్ద బంతి నారు పోసినప్పుడు మడిలో ఒక మూల మా ఆయన నాకు వదిలాడు. ఆ విత్తనం నేనే చల్లాను. నా చేత్తో విత్తనం చల్లడం ఆ ఇంట్లో అదే మొదలు. ఎవరైనా చూస్తారేమోనని దొంగతనం చేస్తున్నట్టు వెనక్కి చూసుకుంటూ మన్ను కప్పాను. మొలకలు వచ్చాయి. వంగి చూస్తే ఎక్కువ పచ్చవే. మధ్యమధ్యన సన్నగా, ఎర్రగా నావి. ఆ ఎరుపు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

ఇదిలా ఉండగా ధర్మవరం మాట ఇంట్లోకి వచ్చింది. మా అత్త తరఫు దూరపు బంధువులు అక్కడ పట్టుచీరలు నేసేవాళ్ళు. వాళ్ళకొక పిల్ల ఉంది. మా ఆయనకు రెండో పెళ్ళి. ఒక భార్య ఉండగా ఇంకొకామెను చేసుకోకూడదని చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. మా వీధుల్లో ఆ చట్టానికి ఒక విరుగుడు కనిపెట్టారు. కేసు పెట్టాల్సింది మొదటి భార్యే కదా, పదిమంది ముందు ఆమె చేతే కొత్త పిల్లకు బొట్టు పెట్టిస్తే ఇక ఆమె నోరెత్తదు. అలా బొట్టు పెట్టిన ఇద్దరు ముగ్గురిని నాకు తెలుసు. వాళ్ళు ఆ తర్వాత ఆ ఇళ్ళలోనే వంట చేస్తూ బతికారు. నా గతి కూడా అదేనని తెలిసినప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

ఒకరోజు బావి దగ్గరనుంచి వస్తున్నాను. నారుమడి గట్టు మీద పీకిన మొలకల కుప్ప ఉంది. అన్నీ ఎర్ర కాడలే. అత్త మడిలో వంగి ఇంకా ఏరుతోంది. ఆమె తప్పేమీ లేదు. పెద్ద బంతి మడిలో ఎర్ర కాడ కనబడితే చిన్న బంతి విత్తనం కలిసిందని అర్థం, దాన్ని బెరుకు అంటారు, నాటకముందే పీకి పారేయాలి. పూలు పండించే ఏ ఇంట్లోనైనా అదే చేస్తారు. మా అత్త ఆ పనిలో మహా నేర్పరి, ఒక్కదాన్ని కూడా వదలదు. అంటే నా బిడ్డల్ని ఒక్కొక్కటిగా వెతికి పీకి, అక్కర్లేని పచ్చవాటిని భద్రంగా ఉంచింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. బిందె అక్కడే దించేసి పరిగెత్తి ఆ కుప్పను తడి చెంగులోకి ఎత్తుకున్నాను.

బెరుకులను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చే కోడల్ని ఆమె ఎన్నడూ చూసి ఉండదు. అవి నావని, నేనే కలిపానని, నేనే చల్లానని గబగబా చెప్పేశాను. ఆమె కోపం పట్టలేకపోతుందని అనుకున్నాను. ఆమె గట్టు మీద కూర్చుని చేతుల మన్ను దులుపుకుంది. తర్వాత నెమ్మదిగానే అంది.

“నీ చేత్తో చల్లినావు గదా, కానీ. దేవుడే చెప్తాడు. కార్తీకంలో ఈటికి విత్తు పట్టిందా, నేను మళ్ళ ఆ పిల్ల మాట ఎత్తను. పట్టకుంటే ధర్మవరం పోతాం. నువ్వూ వస్తావు.”

ఎంత న్యాయంగా మాట్లాడిందో చూడండి. విత్తు పట్టదని నాకు తెలుసు. కలయిక నిజమైతే విత్తు పట్టదు, విత్తు పట్టిందంటే కలయికే జరగలేదు. నా పని గెలిస్తే నేను ఓడతాను. ఆ క్షణంలోనే ఈ సంగతి చెప్పి ఉండాల్సింది అని చదివేవాళ్ళు అనుకోవచ్చు. చెప్పి చూడండి. గొడ్రాలు అని పేరుపడ్డ మనిషి, ఈ మొక్కలు గొడ్డువి గనకనే మంచివి అని అత్తగారి ముందు నిలబడి ఎలా అంటుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నవ్వరా? నేను తల ఊపి ఊరుకున్నాను. పూలు చూశాక ఆమె మనసు మెత్తబడుతుందేమోనని ఒక ఆశ.

వాడిన మొలకల్ని నీడలో నాటి, మోదుగాకులు కప్పి, పొద్దుకు రెండుసార్లు నీళ్ళు చిలకరించాను. సగానికి పైగా చచ్చిపోయాయి. బతికినవాటికి అటు తల్లి మొక్కల వరస, ఇటు తండ్రి మొక్కల వరస నాటాను. పక్కన పెట్టి పోల్చకపోతే మన కళ్ళు మనకే అబద్ధం చెబుతాయి. రోజూ పొద్దున ముందు వాటి దగ్గరికే పోయేదాన్ని. ఆకు తల్లికన్నా సన్నం, తండ్రికన్నా వెడల్పు. ఎత్తు తల్లిదానికి దగ్గర. కొమ్మలు వేయడంలో పూర్తిగా తండ్రే, నేలనుంచే గుబురు కట్టాయి. గాలివాన ఒకటి వచ్చి పెద్ద బంతిని పడుకోబెట్టింది గానీ వీటి జోలికి రాలేదు.

దసరా ముందు మొగ్గలు విచ్చాయి. నిండు నారింజ రంగు, రేకు మొదట్లో కెంపు చార. పెద్ద బంతి అంత లేదు, చిన్న బంతికి రెట్టింపు. కానీ అందం చూసి మురిసిపోతే సరిపోదు. కోసిన పువ్వుల్ని మూడు రకాలూ విడివిడిగా మాల కట్టి దూలానికి వేలాడదీశాను. పెద్ద బంతి రేకులు ముందుగా రాలాయి. నావి వాడినా రాలలేదు. గంప అడుగున వేసి బెంగళూరు పంపిస్తే నలగకుండా చేరాయని మా ఆయన చెప్పాడు. ఇవి ఎక్కడివని సంతలో అడిగారట. ఆయన ఏం చెప్పాడని అడిగితే, ఇంట్లోవి అన్నానని చెప్పాడు. ఆ ఒక్క ముత్యం చాలా రోజులు నా దగ్గర దాచుకున్నాను.

కార్తీకం వచ్చింది. మిగతా మడులు ఎండి నల్లటి సూదుల్లాంటి గింజలతో నిండాయి. నా మొక్కలు పూస్తూనే ఉన్నాయి. నేను అనుకున్నదంతా అక్షరం పొల్లుపోకుండా జరుగుతోంది, నేను మాత్రం పక్క మడుల గింజల వైపు చూడకుండా పూలు కోసుకుని వచ్చేదాన్ని. అత్త ఒక సాయంత్రం నా మొక్కలనుంచి ఎండిన పువ్వులు నాలుగు కోసుకొచ్చి, వాకిట్లో మా ఆయన ముందు కూర్చుని, అరచేతిలో నలిపి ఊదింది. అంతా ఎగిరిపోయింది. అరచేయి మా ఆయనకు చూపించింది. అందులో ఏమీ లేదు.

“తాలు,” అంది. “చూసినావు గదరా.”

ఆమె గొంతులో గెలిచిన సంబరం లేదు. నిజంగా బాధ ఉంది. దానికే నాకు మరీ భయం వేసింది.

మా ఆయన ఆదివారం నాడు, ఆ పూలు కొన్ని ఆకులో చుట్టమని నాతో చెప్పి, హైస్కూలుకు తీసుకుపోయాడు. నన్నూ రమ్మన్నాడు. అక్కడి సైన్సు అయ్యవారు మా దగ్గర పూజకు పూలు కొనేవాడు, ఆ చనువుతో సెలవు రోజైనా మాకోసం గది తెరిచాడు. మా నాయన మాట నిజమా, లేక దోషం నా చేతిదన్న మాటే నిజమా తేల్చమని అడగడానికి వచ్చాడన్నమాట. నాకు ఒళ్ళు మండింది. అయినా వెంట నడిచాను. ఆయన తేల్చుకోవాలని అనుకున్నాడు, అది మాత్రం నయమనిపించింది.

అయ్యవారు గాజు పలక మీద చిన్న బంతి పుప్పొడి రాల్చి, ఒక ఎర్ర రంగు చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. ప్రాణమున్న రేణువు ఆ రంగు తాగి ఎర్రగా నిండుతుందని, ప్రాణం లేనిది తాగదని చెప్పాడు. ముందు నేను చూశాను. గుండ్రంగా, దానిమ్మ గింజల్లా ఉన్నాయి. పెద్ద బంతిది కూడా అంతే. తర్వాత నా పువ్వుది పెట్టాడు. ఎక్కడో ఒకటి ఎర్రగా ఉంది. మిగతావన్నీ వెలిసిపోయి, సొట్టలు పడి, పొల్లు గింజల్లా ఉన్నాయి. తల్లి నుంచి వచ్చిన పాళ్ళకూ తండ్రి నుంచి వచ్చిన పాళ్ళకూ జత కుదరక ఇలా అవుతుందని, ఇది రెండు వేరు జాతుల బిడ్డ అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదని ఆయన అన్నాడు. విత్తు పట్టకపోవడానికీ చల్లిన చేతికీ సంబంధం లేదని నవ్వాడు కూడా.

నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. నాయన గెలిచాడు, నేనూ గెలిచాను. కానీ మా ఆయన ఇంకా మైక్రోస్కోపు మీదనుంచి లేవలేదు. ఒక కన్ను మూసుకుని చూస్తూనే ఉన్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

“అయ్యవారూ, మగపొడిలోనే పస లేదంటాండారే, మనుషుల్లో గూడా ఇట్ల చూస్తారా?”

అయ్యవారు నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. బెంగళూరు పెద్దాసుపత్రిలో చూస్తారని, అడగడానికి సిగ్గుపడనక్కర లేదని మెల్లగా అన్నాడు.

ఆ వారంలో ఒకరోజు ఆయన మధ్యాహ్నం బండికి రాలేదు. దీపాలు పెట్టాక వచ్చాడు. కాళ్ళు కడుక్కుని అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు. కొద్దిరోజులకు ఇంకోసారి అలాగే ఆలస్యంగా వచ్చాడు. ఆ రోజు తోటలోకి పోయి నా మొక్కల దగ్గర ఊరికే నిలబడ్డాడు. కిటికీలోంచి ఆ వీపు చూస్తే నాకు తెలిసిపోయింది. తెలిసిపోయిందనే అనుకున్నాను గానీ, మనిషి నోటితో చెప్పేదాకా అది తెలిసినట్టు కాదు. చెబుతాడని ఎదురుచూశాను. అన్నం పెడుతూ, మాల కడుతూ, పక్క వేస్తూ ఎదురుచూశాను. ఆయన చెప్పలేదు. అత్త ధర్మవరానికి కబురు పంపింది. ఆయన వద్దనలేదు.

పోయే రోజు నా చేతికి కుంకుమ పళ్ళెం ఇచ్చారు. దాని మీద గుడ్డ కప్పి ఒళ్ళో పెట్టుకుని రైల్లో కూర్చున్నాను. ఎదురుగా మా ఆయన, పక్కన అత్త. పెనుకొండలో బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద మా నాయన నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

“దిగేయమ్మా. మన ఇల్లు ఈడే ఉండాది,” అన్నాడు నాతో.

దిగిపోవాలని ఎంత అనిపించిందో. నాయన చేయి కిటికీ కమ్మీ మీద ఉంది, ఆ గోళ్ళ సందున మన్ను. కానీ దిగితే, ఆ పళ్ళెం అక్కడ వదిలేసి పోతే, తప్పు నాదని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఊరంతా అదే అంటుంది, బతికినంతకాలం అంటుంది. పోయి చూసి వస్తాను నాయనా అన్నాను. మా ఆయన ఆ మాటలన్నీ విన్నాడు. విని కిటికీ బయటికి చూశాడు. బండి కదిలింది.

ధర్మవరంలో ఆ ఇంటికి పోయేసరికి లోపల మగ్గం చప్పుడు వినబడుతోంది. మేం గడప దాటగానే ఆగింది. చాపలు వేసి కూర్చోబెట్టారు. పిల్ల తండ్రి బక్కపలచటి మనిషి, మర్యాదస్తుడు, నా ముఖం చూడలేక తల దించుకున్నాడు. ఇరుగుపొరుగు నలుగురు సాక్షులుగా వచ్చి కూర్చున్నారు. మగ్గం మీదనుంచి లేచి వచ్చిన పిల్లను నా ఎదుట కూర్చోబెట్టారు. ఎంత చిన్నపిల్లో. మెడ వంచుకుని కూర్చుంది. ఒక్కసారి కళ్ళెత్తి నన్ను చూసింది. నేనేమైనా తిడతానేమోనని భయపడుతోంది. నేను ఆమెను ద్వేషించడానికి సిద్ధపడి వచ్చాను, ఆ చూపు చూశాక చేతకాలేదు. కొన్నేళ్ళు పోతే ఈ పిల్లను కూడా నన్ను పిలిచినట్టే పిలుస్తారు. ఈ పిల్లకు కూడా విత్తనాల మూట ముట్టొద్దంటారు. అప్పుడు మూడో పిల్ల కోసం ఇంకో ఊరు పోతారేమో.

“పెట్టు,” అంది అత్త.

గుడ్డ తీసి కుంకుమలో వేలు ముంచాను. పిల్ల నుదుటి దాకా తీసుకుపోయి ఆపాను. మా ఆయన వైపు తిరిగాను.

“బెంగళూరు ఆసుపత్రిలో ఏం చెప్పినారో ఈ పిల్లకు చెప్పండి. చెప్పినాంక పెడతా,” అన్నాను.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అత్త నా చేయి పట్టుకుని కిందికి లాగబోయింది. నేను చేయి దించలేదు. మా ఆయన సాక్షుల వైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆయన లేచి బయటికి పోతాడని అనుకున్నాను. పోతే ఏం చేయాలో నేను ఆలోచించుకోలేదు. ఆయన చాప మీది ఈనెను గోటితో గిల్లుతూ, ఎవరివైపూ చూడకుండా అన్నాడు.

“లోపం నాలో ఉండాది. రెండు తూర్లు చూపించుకున్నా. ఈమెకేం లేదు. ఎవర్ని తెచ్చినా ఇంతే.”

“ఏం మాట్లాడతాండావురా,” అంది అత్త. ఆమె గొంతు నేనెన్నడూ విననంత చిన్నగా ఉంది. ఆయన అదే మాట మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. రెండోసారి గొంతు సరిగ్గా వచ్చింది.

పిల్ల తండ్రి లేచి వచ్చి నా ఒళ్ళోని పళ్ళెం తీసుకుని గూట్లో పెట్టాడు. మాకందరికీ మజ్జిగ ఇప్పించాడు. ఎవరూ ఒక్క ఎగతాళి మాట అనలేదు. ఆ మంచితనానికి వాళ్ళకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. పిల్ల లోపలికి పోయింది. మేం మజ్జిగ తాగి లేచేలోపే మగ్గం చప్పుడు మళ్ళీ మొదలైంది. వేలి మీది కుంకుమ నేను రైల్లో తుడుచుకున్నాను.

మా ఎర్ర కాడ బంతి ఆ ఏడు మార్గశిరం దాటాక కూడా పూసింది. విత్తు లేదు గనక మరుసటి ఏడు మళ్ళీ మొదటినుంచి కలిపాను, ఆ పై ఏడు మళ్ళీ. సంచులు అత్తే కుట్టిచ్చేది. ఆమె నన్ను క్షమించమని అడగలేదు, ఆ మాట మళ్ళీ ఎత్తనూ లేదు. కొడుకు ముఖం చూడడానికి మాత్రం ఆమెకు చాలాకాలం పట్టింది.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అంతమందిలో మగవాడు అలాంటి మాట ఒప్పుకోవడం సామాన్యమా అని బంధువులు ఇప్పటికీ అంటారు. నిజమే, సామాన్యం కాదు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు పుట్టినదే. కానీ నేను వేలు ఆపి అడగకపోయి ఉంటే ఆయన చెప్పేవాడా, ఆ పిల్ల నుదుట బొట్టు పడుతుంటే చూస్తూ ఊరుకునేవాడా? ఆ తర్వాత మేం కలిసి బతికిన ఏళ్ళన్నిటిలో ఈ ప్రశ్న ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆయన అబద్ధం చెప్పేవాడు కాదు. అందుకే అడగలేదు.